పార్వతి భుజానికి ఏ తుపాకి?

13 ఆగస్టు 1968, మంగళవారం

పార్వతిని విజయనగరం తుపాకుల కొట్టుకి తీసుకెళ్లొచ్చాను. గాల్లోకి విసిరిన మట్టి మూకుళ్లని టపటపా పగలగొడతాదట నా కూతురు, నేనెప్పుడూ చూళ్లేదు గానీ. ఈసారి పోటీకి అరువు తుపాకితో వెళ్లనంది.

కొట్టాయన నా స్తోమతకి తగ్గవి రెండు బల్లమీద పెట్టాడు. పాత డబుల్ బారెల్‌కి భుజాన ఆనించే కర్ర, కుడిచేతివాళ్లకని ఓ పక్కకి వంచి ఉందట. చెప్పులకే అనుకున్నాను, తుపాకులకీ కుడీ ఎడమా ఉన్నాయన్నమాట! సింగిల్ బారెల్ కర్ర తిన్నగానే ఉంది గానీ, మూకుళ్లు జంటగా లేస్తే రెండోదానికి తూటా ఉండదు.

"అమ్మాయిది ఏ చెయ్యండి?" అన్నాడు.

"కుడి" అన్నాను.

"ఎడమండి" అంది పార్వతి.

అదెలాగ? ఎడంచేత్తో అన్నం తింటోందని చిన్నప్పుడు తువ్వాలుతో ఆ చెయ్యి కట్టేసింది నేనే. ఇప్పుడు కుడిచేత్తోనే తింటాది, రాస్తాది.

"ఎప్పుడో మానీసేవనుకున్నానే!"

"నీ ఎదట మానీసేను నాన్నా" అని నవ్వింది. కొట్టాయనా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"డబుల్ బారెలే తీసుకుందాం. కుడి భుజం అలవాటు సేసుకుంటాన్లే" అంది. చేసుకోగలదు, అదే నా బెంగ. రేపు చెప్తానని లేచొచ్చేశాను.

ఇంటికొచ్చి కంచాల ముందు కూర్చున్నాక, "ఎడంచేత్తోనే తినవే, నేనేటీ అనను" అన్నాను. వాళ్లమ్మ గరిటె పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. పార్వతి ఎడంచేత్తో ముద్ద కలపబోయి, పప్పు ఒళ్లో పోసుకుని, "ఇంక రాదు నాన్నా" అంది.

డబుల్ బారెల్ కొంటే ఆ ఎడమ భుజమూ ఇలాగే పోతాదేమో. సింగిల్ బారెల్ కొంటే పోటీయే పోతాదేమో. పొద్దున్న కొట్టాయనకి ఏటి చెప్పాలో...