మొగుడింటికి చుట్టపుచూపు

కొబ్బరి ఎస్టేటు,
పినాంగు అవతలి ఒడ్డు.

అమ్మకు,

కూతురిగా ఒక నమస్కారం, తమ్ముడి పెళ్ళాంగా ఇంకొక నమస్కారం. రెండూ విడివిడిగా పుచ్చుకో. ఇక్కడ నేనూ నీ తమ్ముడూ కులాసాగానే ఉన్నాము. నాయన మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? అమ్మమ్మకు దగ్గు తగ్గిందా? చూడి గేదె ఈనిందా? ఈనితే పెయ్యా, దున్నా? అందరి సంగతీ వివరంగా రాయి. "అంతా బాగున్నాము" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఇక్కడ అన్నం సయించదు.

నన్ను ఉండనిస్తారో, ఓడ ఎక్కించి వెనక్కి తోలేస్తారో అని నువ్వు బెంగపెట్టుకుని ఉంటావు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందే చెప్పేస్తే నువ్వు ఉత్తరం మడిచి చూరులో దోపి దొడ్లోకి వెళ్ళిపోతావు. నాకు తెలియదా నీ సంగతి?

ఇక్కడ ఎండాకాలం, వానాకాలం అని విడిగా లేవు. రోజూ అన్నాలు తిన్న తర్వాత ఎవరో పిలిచినట్టు వాన వస్తుంది, కురిసి పోతుంది. వడియాలు పెట్టుకునే యోగం ఈ దేశానికి లేదు. బియ్యం సయాం నుంచి వస్తాయట. వండితే మెతుకులు ఒకదానినొకటి పట్టుకుని వదలవు. మన మొలగొలుకుల అన్నం తిన్న నోటితో ఇది తినాలంటే దేవుడు కనిపిస్తాడు. చేపలకు మాత్రం కొదవ లేదు. చింతపండు దొరుకుతుంది గానీ అందులో పులుపు తక్కువ. మొదటిసారి పులుసు పెట్టినప్పుడు నీ తమ్ముడు గిన్నె ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు అన్నాడు: "బాగుండాది గానీ, అక్క పెట్టిన పులుసు మాదిరి లేదే."

ఆ మాట ప్రతి చేపకూ అంటాడు. నువ్వు ఆడబిడ్డవి కనుక నీతో పోట్లాడదామంటే అమ్మవైపోయావు. ఇట్లాంటి ఆడబిడ్డ పోరు ఇంకెవరికైనా ఉందా చెప్పు?

పొద్దున్నే ఆయన ఎస్టేటు ఆఫీసులో లెక్కలు రాసుకోవడానికి వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, కొబ్బరిచెట్లూ. లైన్లని వరసగా కట్టిన కూలీల ఇళ్ళల్లో తెలుగువాళ్ళు ఉన్నారు. వాళ్ళ తాతల నాడు విశాఖపట్నం వైపు నుంచి వచ్చారట. నేను మాట్లాడితే వాళ్ళు నవ్వుతారు, వాళ్ళు మాట్లాడితే నేను నవ్వుతాను. ఇద్దరమూ నవ్వుకుంటూ ఉప్పూ కారమూ బదులు ఇచ్చుకుంటాము. మధ్యాహ్నమైతే మాత్రం నువ్వు మన వరి కయ్యగట్టు మీద నిలబడి నీ తమ్ముడిని అన్నానికి పిలిచే కేక చెవుల్లో వినిపిస్తుంది. ఆ కేకకు సముద్రంలో వల లాగేవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు కదా. ఏడుస్తున్నానని అనుకోకు. ఒకటి రెండుసార్లు ఏడ్చాను, అంతే.

ఇక అసలు కథ. పెళ్ళి కాగానే నీ తమ్ముడు ఇక్కడికి వచ్చి, నన్ను భార్యగా రప్పించుకోవడానికి పెట్టిన కాగితాలు ఏ బల్ల మీద నిద్రపోయాయో ఎవరికీ తెలియలేదు. అప్పుడు ఎవరో పెద్దమనిషి, "ముందు విజిటు పాసు మీద రప్పించు, మనిషి ఎదురుగా ఉంటే కాగితాలు కదులుతాయి" అని సలహా చెప్పాడట. అందుకే మూడు నెలల పాసు మీద వచ్చాను. మొగుడింటికి చుట్టపుచూపుగా వచ్చిన ఆడది మన వంశంలో నేనొక్కతెనే.

ఓడ దిగిన చోట ఒక గుమాస్తా, "ఎవరింటికమ్మా పోతావు?" అని అరవంలో అడిగాడు. పరాయి మగవాడు. చుట్టూ ఇంకా పదిమంది మగవాళ్ళు. "నా మొగుడి దగ్గరికి" అనడానికి నోరు వస్తుందా? మన ఊళ్ళో అడిగితే ఏం చెబుతానో అదే చెప్పాను. "మా అమ్మ తమ్ముడి దగ్గరికి" అన్నాను. అందులో అబద్ధమేముంది? ఆయన తల ఊపి, రాసుకుని, ముద్ర వేశాడు. ఆ రాసుకున్నదే మా కొంప ముంచింది.

నన్ను ఇక్కడే ఉండనివ్వమని దరఖాస్తు పెట్టి, పడవ ఎక్కి పినాంగు ఆఫీసుకు వెళ్ళాము. ఆఫీసరు చీనా ఆయన. చిన్న వయసే, కళ్ళద్దాలు, ముడత లేని తెల్లచొక్కా. నా మాటలు నీ తమ్ముడు మార్చి చెప్పకూడదట, అందుకని పిళ్ళైగారు అనే ముసలాయనను పక్కన కూర్చోబెట్టారు. మద్రాసులో తెలుగువాళ్ళ వీధిలో పెరిగినవాడు కనుక మన మాట బాగానే వచ్చు.

"వచ్చేటప్పుడు ఈయన నీకు మేనమామ. ఇప్పుడు కాగితంలో మొగుడు. ఇంతలోనే మేనమామ మొగుడు ఎట్లా అయ్యాడు?" అని ఆఫీసరు అడిగాడు.

"మేనమామే మొగుడు" అని నీ తమ్ముడు చెప్పాడు.

ఆఫీసరు కలం ఆగిపోయింది. పిళ్ళైగారు మనకు సాయం చేద్దామని, "ఇందులో వింతేముంది సార్? నా ఇల్లాలు కూడా మా అక్క కూతురే" అన్నాడు. ఆఫీసరు ఆయన వైపు కూడా ఒకసారి చూసి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని మన వంశాన్ని బొమ్మలుగా గీయడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ నుంచి ఒక గీత నీకు, ఒక గీత నీ తమ్ముడికి. నీ నుంచి నాకు. నా నుంచి మళ్ళీ పైకి నీ తమ్ముడికి. "అయితే ఈమె అమ్మమ్మ ఈమెకు అత్తగారా?" అన్నాడు. అవునన్నాము. "ఈమె తల్లి ఈమెకు ఆడబిడ్డా?" అవునన్నాము. "ఈమె తండ్రి?" అన్నాడు. "నాకు బావ" అని నీ తమ్ముడు ఉత్సాహంగా చెప్పాడు. ఆఫీసరు ఆ కాగితాన్ని ఉండచుట్టి బుట్టలో వేశాడు. పెళ్ళి జరిగినట్టు రుజువు తెండి, పాసు గడువు లోపల తేలకపోతే ఈమె ఓడ ఎక్కవలసిందే అన్నాడు.

అప్పుడే నీకు ఉత్తరం రాసింది. నువ్వు పంపిన కవరు చేరింది. నీ ప్రేమకు ఏమీ అనలేను గానీ, ఆ కవరులో ఉన్నవి చూసి నీ తమ్ముడు కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు.

కరణంగారు పొలం దస్తావేజులు రాసీ రాసీ చెయ్యి తిరిగిన మనిషి. "సదరు కన్యను సదరు వరునికి దఖలు పరచడమైనది. పుత్రపౌత్ర పారంపర్యముగా సర్వహక్కులతో అనుభవించవలయును" అని రాసిచ్చాడు. నాలుగు వైపులా హద్దులు రాయలేదు, అదే పదివేలు. అవన్నీ పట్టుకుని మళ్ళీ ఆఫీసుకు వెళితే, పిళ్ళైగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చదివాడు. ఆఫీసరు విని, "ఈయన నిన్ను కొనుక్కున్నాడా?" అని నన్ను అడిగాడు. ఊరికే ఇచ్చారని చెప్పాను.

ఇక ఫోటోలు. పెళ్ళి ఫోటోలో నేను తల వంచుకుని ఉన్నాను, నా జడ తప్ప ఇంకేమీ కనబడదు. నీ తమ్ముడి మొహానికి బాసికం అడ్డం వచ్చింది. "ఇందులో ఎవరైనా ఉండవచ్చు" అన్నాడు ఆఫీసరు. ఇద్దరమూ స్పష్టంగా కనబడాలని నువ్వు ఇంకొక ఫోటో కూడా పెట్టావే, అది తీశాడు. నాకు చెవులు కుట్టించిన నాటిది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి కనుక నీ తమ్ముడు నిక్కరు వేసుకుని కుర్చీలో బిర్రబిగుసుకుని ఉన్నాడు. ఒళ్ళో నేను నోరంతా తెరిచి ఏడుస్తున్నాను.

"ఈ అబ్బాయి ఎవరు?" అన్నాడు ఆఫీసరు.

"నేనే సార్."

"ఈ బిడ్డ?"

"నా భార్య సార్."

ఆఫీసరు ఆ ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టాడు. అమ్మా, స్పష్టంగా ఉన్న ఫోటో అడిగిన తప్పు నాదే!

చివరకు ఆయన కాగితాలన్నీ పక్కకు నెట్టి, "ఇవేవీ నాకు వద్దు. ఈమె నోటితో చెప్పమనండి. మొగుడెవరు, అతని పేరేమిటి? చెబితే రాసుకుంటాను" అన్నాడు. పిళ్ళైగారు నా వైపు తిరిగి, "నీ పురుషుడి పేరు చెప్పమ్మా" అన్నాడు.

నేను తల వంచుకున్నాను. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మమ్మ నాకు ఉగ్గుపాలతో పోసింది కదా. అందులోనూ అది ఆవిడ కొడుకు ఆయుష్షు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి "మామా" అన్నానే గానీ ఆ పేరు నా నాలుక మీదికి ఎప్పుడు వచ్చింది? నీ తమ్ముడు అందించబోతే ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టాడు. ఏం చెయ్యను? మన ఆడవాళ్ళకు తెలిసిన అడ్డదారే తొక్కాను.

"మా పెంచలకోన స్వామి పేరే సామీ" అన్నాను.

"ఆ స్వామి ఎవరమ్మా?"

"నరసింహస్వామి."

పిళ్ళైగారు సంతోషంగా "నరసింహం" అని చెప్పేశాడు, ఆఫీసరు రాసేశాడు. స్వామి పేరు కాక ఆ కోన పేరునే మన వైపు మగపిల్లలకు పెట్టుకుంటారని, నీ తమ్ముడి పేరూ అదేనని ఆ అరవాయనకు ఎట్లా తెలుస్తుంది? ఆఫీసరు దరఖాస్తులో ఉన్న పేరు చూశాడు, తను రాసుకున్న పేరు చూశాడు. "అయితే మేనమామ వేరు, మొగుడు వేరు అన్నమాట. ఈ నరసింహం ఎవరు?" అన్నాడు.

ఇంక నవ్వు రాలేదమ్మా. ఆఫీసరు కలానికి మూత పెట్టాడు. ఫైలు మూశాడు. మద్రాసు ఓడ మళ్ళీ ఎప్పుడని పక్క బల్ల ఆయనను అడిగాడు. ఆ మాట నాకు ఎవరూ తెలుగులో చెప్పనక్కరలేకపోయింది. నీ తమ్ముడి మొహం చూశాను. చెవులు కుట్టిన ఫోటోలో ఎట్లా బిగుసుకుని ఉన్నాడో అట్లాగే ఉన్నాడు.

"చెప్పవే, నేనేం చచ్చిపోన్లే" అన్నాడు మెల్లగా.

ఆ చావు మాట విని నాకు ఒళ్ళు మండింది. ఒంటరిగా ఆ ఓడలో కూర్చున్నట్టూ, ఈయన రేవులో నిలబడి చూస్తున్నట్టూ కళ్ళకు కట్టింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పేరు పలికేశాను. మామూలుగా కాదు, గొంతు చించుకుని, ఇంటిపేరుతో సహా. "నా మొగుడు!" అని కూడా అన్నాను. ఆఫీసంతా ఇటు తిరిగింది. ఎక్కడిది ఆ గొంతు అనుకుంటే, అది నీదే. కయ్యగట్టు మీది కేకే.

నీ తమ్ముడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "ఆఁ, వస్తండానక్కా!" అన్నాడు.

ఆఫీసరు పిళ్ళైగారిని, "ఏమన్నాడు?" అని అడిగాడు. పిళ్ళైగారు అబద్ధమాడని మనిషి. "వస్తున్నాను అక్కా అన్నాడు సార్" అన్నాడు. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

నేను మాత్రం వెక్కివెక్కి ఏడుస్తున్నాను. పలకకూడని పేరు పలికాను, అంత చేసినా అక్కనైపోయాను. అప్పుడు పిళ్ళైగారు అన్నాడు: "సార్, ఈయన ఉత్త మేనమామే అయితే అడగగానే పేరు చెప్పి ఇంటికి పోయేది. మొగుడు కనుకనే ఇంతసేపు చెప్పలేదు. మా ఆడవాళ్ళు ఆ పేరు పలికితే మొగుడికి కీడని భయపడతారు. చూడండి ఎట్లా ఏడుస్తున్నదో. ఇంతకంటే రుజువు ఏ కరణం రాసిస్తాడు?"

ఆఫీసరు చేతులు తీసి నన్ను చూశాడు. నీ తమ్ముడిని కింది నుంచి పైదాకా చూశాడు. "ఇప్పుడు ఈయనకు ఏమైనా అవుతుందా?" అని అడిగాడు.

"సాయంత్రం దాకా చూడాలి సార్" అన్నాడు పిళ్ళైగారు.

ఆఫీసరు మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే ముద్ర వేశాడు.

ఉండనిచ్చారమ్మా. నన్ను ఇక్కడ ఉండనిచ్చారు. ఇప్పుడు నేను చుట్టాన్ని కాదు, ఈ ఇంటి మనిషిని. ఇది రాస్తుంటే కూడా కళ్ళు తడుస్తున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో నీ తమ్ముడు నా పక్కన కూర్చుని, నీళ్ళ వైపు చూస్తూ, "ఇంకొక తూరి అనవే" అన్నాడు. "సర్కారు అడిగితేనే అంటాను" అన్నాను. పడవ ఒడ్డు చేరేదాకా బతిమాలాడు. నేను పలకలేదు. చెవులు కుట్టిన ఫోటోకు అద్దం వేయించి గోడకు తగిలించాడు. చూడవచ్చినవాళ్ళందరూ "మీకు ఎంతమంది పిల్లలు?" అని అడుగుతున్నారు.

ఎవరైనా ఇటు వస్తుంటే మంచి పులుపున్న కొత్త చింతపండు, గోంగూర విత్తనాలు, రెండు మానికల మొలగొలుకులు పంపించు. గోంగూర ఈ వానకు మొలకెత్తకపోతే చూస్తాను. కరణంగారికి నా దండాలు చెప్పు, హద్దుల మాట చెప్పకు. నాయనకు నమస్కారాలు. అమ్మమ్మకు మనవరాలిగా ఒకటి, కోడలిగా ఒకటి. కోడలి నమస్కారం కొంచెం వంగి పెట్టానని చెప్పు. నేను పేరు పలికిన సంగతి మాత్రం ఆవిడ చెవిన వెయ్యకు.

ఒక్క కోరిక. ఆ రోజు ఇంటికి వచ్చిన తర్వాత ఆయన వరసగా తుమ్మాడు. జలుబే, తగ్గిపోయింది. కానీ నాకు మనసులో పీకుతూనే ఉంది. నువ్వు ఆయనకంటే పెద్దదానివి, పెంచినదానివి. నువ్వు ఆ పేరు ఎన్నిసార్లు పిలిస్తే అంత ఆయుష్షు. ఒక మధ్యాహ్నం కయ్యగట్టు మీదికి వెళ్ళి, సముద్రం వైపు తిరిగి, నీ తమ్ముడిని నోరారా పేరు పెట్టి అన్నానికి పిలువు. నేను తగ్గించినదేదైనా ఉంటే నువ్వు పూడ్చు. ఇక్కడ ఆయన పలుకుతాడు. పలకకపోతే నన్నడుగు.

నీ దీవెన కోరే
కూతురూ మరదలూ అయిన
రమణమ్మ