కార్డు మీద ‘ఏమీ లేదు’

నవంబర్ 9, 2006
టార్చికి కొత్త సెల్లు వేసినా గుడ్డిగానే వెలుగుతోంది. కంటి కేంద్రం తరఫున ఊరందరి కళ్ళూ చూసేదాన్ని నేను, నా టార్చికే చూపు లేదు. తెలకపల్లిలో ఏ ఇంటికి పోయినా తాళమే. అందరూ కళ్ళాల దగ్గర. వరికోతలు అయ్యేదాకా ఎవరి కంటికీ తీరిక లేదట.

నవంబర్ 11
మధ్యాహ్నం ఎస్తేరు. మా కళ్ళంలో కూలికి వస్తుంది, నా ఈడుదే. వడ్లు తూర్పార పడుతుంటే కుడికంట్లో పొట్టు పడిందట. కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. నేను గడపలోనే ఉన్నాను, భుజాన కంటి కేంద్రం వాళ్ళు ఇచ్చిన సంచీ. నన్ను దాటుకుని లోపలికి పోయింది.
“అవ్వా, జర నలుసు తియ్యి.”
అత్తమ్మ తంబాకు ఉమ్మేసింది. మూడుసార్లు పుక్కిలించింది. ఎస్తేరు రెప్ప ఎత్తి, నాలుకతో ఒక్కసారి... అంతే. పొట్టు ముక్కను వేలిమీద పెట్టి చూపించింది. “ఇగో, గింతే. పో.” ముప్పై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఈమె దగ్గరికే.
శిక్షణలో చెప్పారు — నాలుక వద్దు, పసరు వద్దు, చనుబాలు వద్దు, వెంటనే కేంద్రానికి పంపాలి. రాసుకున్నాను కూడా. కానీ నా ముందే పొట్టు బయటికి వచ్చిందే! ఎస్తేరు నవ్వుతూ పోయింది. నేను పక్కకు జరిగి దారిచ్చాను.

నవంబర్ 13
ఎస్తేరు కన్ను ఎర్రగా ఉంది. “జర మండుతుంది, గంతే.” రేపు చూద్దాం అన్నాను. ఎందుకన్నాను?

నవంబర్ 14
రెప్ప తెరవలేకపోతోంది. టార్చి వేస్తే నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. ఆవగింజంత. పది గంటల బస్సుకు నాగర్‌కర్నూల్ కంటి కేంద్రానికి తీసుకుపోయాను.
కార్డు నింపేది నేనే. పేరు, ఊరు, ఏ కన్ను... ‘ఇంటివైద్యం ఏమైనా చేశారా?’ పెన్ను ఆగింది. ఎస్తేరు మోచెయ్యి గిల్లింది. “అవ్వ పేరు రాయకు సుజాతా, పాపం.”
‘ఏమీ లేదు’ అని రాశాను. పైన ‘ఎలా మొదలైంది?’ అని ఉంది. పొట్టు అని రాస్తే ఎవరు తీశారని అడుగుతారు కదా... దానంతటదే అని రాశాను.
గిల్లకపోయినా అదే రాసేదాన్నేమో. డాక్టరు కార్డు చదివి, నల్లగుడ్డు మీద పుండు అని చెప్పి చుక్కలమందు ఇచ్చాడు. గంటగంటకూ వేయాలి.

నవంబర్ 16
మందు గూట్లో పెట్టి కోతకు పోయింది ఎస్తేరు, మహాతల్లి! పెనిమిటి బొంబాయిలో, పిల్లలు ఇక్కడ. “కోతలైపోతే నన్నెవడు పిలుస్తడు?” నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టే ముఖం నాకెక్కడిది?

నవంబర్ 17
అత్తమ్మ అడిగింది: “పుండు నేను తీసినంక అయిందా, తియ్యకముందే ఉండెనా?”
తెలియదన్నాను. నిజంగానే తెలియదు. పొట్టు గీరిందా, నాలుక తగిలిందా, నేను పోగొట్టిన మూడు రోజులా, మందు సరిగ్గా వేయకపోవడమా... ఒక్కోటి అనుకున్నప్పుడు అదే నిజం అనిపిస్తోంది. అత్తమ్మ రెండుపూటలుగా అన్నం ముట్టలేదు.

నవంబర్ 18
చుక్క శనగబద్దంత అయింది. మళ్ళీ నాగర్‌కర్నూల్. అత్తమ్మ తానూ వస్తానంది. వద్దన్నాను. మేం పోయేసరికి చెప్పులు వేసుకుని బస్టాండులో కూర్చుని ఉంది.
“కంట్లో ఏమైనా పడిందా? ఎవరైనా ఏమైనా చేశారా?” డాక్టరు. ఎస్తేరు నేల చూస్తోంది. నేను గోడమీద కన్ను బొమ్మ చూస్తున్నాను.
“నేనే తీసిన సారు, నాలుకతోని. వడ్ల పొట్టు.” అత్తమ్మ.
ఆయన కార్డు తిప్పి చూశాడు. నా అక్షరాలు. నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. పొట్టుతో వచ్చే పుండుకు మందే వేరు, తెలిస్తే మొదటిరోజే హైదరాబాదు పంపేవాణ్ని అన్నాడు.
అప్పుడే పంపితే కన్ను దక్కేదా సార్, అని అడిగాను.
“దక్కేదేమో. చెప్పలేమమ్మా.”
ఎస్తేరును వాళ్ళ అన్న ఆ సాయంత్రమే హైదరాబాదు తీసుకుపోయాడు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా అత్తమ్మ వెనక్కి పోయి కూర్చుంది. నా అబద్ధం ఆమె కోసమే. ఆమెకది తెలుసా? తెలిస్తే ఇంకా కోపమా?

డిసెంబర్ 2
ఎస్తేరు వచ్చింది. పుండు మానింది, నల్లగుడ్డు నిండా తెల్లటి పువ్వు. వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియదు. చనిపోయినవాళ్ళ కన్ను ఎవరైనా ఇస్తే ఆ నల్లగుడ్డు మీది పొర తెచ్చి కుడతారట. పేరు రాసుకున్నారు.
“నాకు సూపు రావాలంటే ఎవరో సావాల. గిట్లాంటిది ప్రార్థనల ఎట్ల అడుగుదు సుజాతా?”
నన్నడిగితే? నాకేం తెలుసు, నా తలకాయ!

డిసెంబర్ 5
అత్తమ్మ ఎవరి కన్నూ ముట్టడం లేదు. బిజినేపల్లి నుంచి ఆటోలో వచ్చిన ముసలాయనను నా దగ్గరికి పంపింది. ఆయన నా టార్చిని ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. ఇంకో ఊళ్ళో ఇంకో అవ్వ ఉండే ఉంటుంది. ఈమె మానేస్తే ఎవరికి లాభం?

డిసెంబర్ 6
ఆ కార్డు సరిచేసి రాయనా అని డాక్టరును అడిగాను. “ఇప్పుడెందుకమ్మా?”

డిసెంబర్ 9
బస్సులో రాస్తున్నాను.
పొద్దున ఎస్తేరు గోడ తడుముకుంటూ వచ్చింది. ఈసారి ఎడమకన్ను. ఉన్న ఒక్క కన్ను. పత్తి ఏరుతుంటే ఏదో పడింది.
“సుజాతా, పక్కకు జరుగు. అవ్వా! యాడున్నవ్ అవ్వా?”
అత్తమ్మ గోడకు ఆనుకుంది. “నేను ముట్ట బిడ్డా. కోడలు సూస్తది.”
“ఆమె బస్సెక్కిస్తది. గప్పటిదాంక గుచ్చుకుంటనే ఉండాల్నా? అప్పుడు నువ్వు తీస్తే వచ్చింది గదనే!”
కాచి చల్లార్చిన నీళ్ళు పోశాను. రెండుసార్లు. రాలేదు. టార్చి వేస్తే నీళ్ళు మెరుస్తున్నాయి తప్ప ఏమీ కనబడలేదు. రుద్దుకోబోతుంటే రెండు చేతులూ పట్టుకున్నాను. ఎస్తేరు ఏడుస్తోంది. అత్తమ్మ చెంబు తీసుకుని పెరట్లోకి పోయింది. పుక్కిలించిన చప్పుడు. ఒకసారి. రెండోసారి.
మూడోది కాకముందే ఎస్తేరును రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చాను.
కొత్త కార్డు ఒళ్ళో ఉంది. ‘ఎలా మొదలైంది?’ — పత్తి చేనులో ఏదో పడింది. ‘ఇంటివైద్యం ఏమైనా చేశారా?’ — నీళ్ళు, రెండుసార్లు, నేను.
“అవ్వ తీసేటిది. నువ్వే తియ్యనియ్యకపోతివి” అంటోంది ఎస్తేరు. ఇంకా గుచ్చుకుంటోందట. నా భుజం మీద తల పెట్టి కన్ను మూసుకుంది. తెరువు అంటే తెరవడం లేదు.