మత్తు ఎవరు ఇవ్వాలి

చి. లిబ్బీకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ కుక్కా కులాసా. అక్కడ నీ ఆరోగ్యం, నర్సింగు పైచదువు సవ్యంగా ఉన్నాయని తలుస్తాను.

సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఆదివారం గసగసాలు పెట్టిన తీపి రొట్టెలు, కొలాచీలు వచ్చాయి. తెచ్చింది వెర్నా. మీ అమ్మకు ఆ రోజు మత్తు ఇచ్చిన నర్సు. పళ్ళెం గుమ్మంలోనే అందుకున్నాను, లోపలికి రమ్మనలేదు. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి వెళ్ళిన మనిషి గుండె ఆపరేషను బల్లమీదే ఆగిపోయింది. అప్పుడు తలదగ్గర కూర్చున్న మనిషి నాకు కొలాచీలు ఎందుకు తేవాలి? జాలితోనా, భయంతోనా?

అవతలివాళ్ళ మీదా నమ్మకం లేదు. రాజధాని లింకన్ నుంచి మత్తు డాక్టర్ల తరఫు మనిషి కోటు వేసుకుని వచ్చాడు. మత్తు డాక్టరు దగ్గర లేకుండా నర్సు మత్తు ఇవ్వరాదని బిల్లు పెట్టించారట.

"శాసనసభ సంఘం ముందు మీరు రెండు ముక్కలు చెబితే చాలు సార్. ఏం చెప్పాలో మేం చూసుకుంటాం."

"మా ఊరికి మత్తు డాక్టరును పంపిస్తారా?"

"అది తర్వాతి సంగతి సార్."

మీ అమ్మను రోజ్ అనకుండా ఇంకేదో పేరుతో అన్నాడు.

బిల్లు నెగ్గితే మన ఆసుపత్రిలో ఆపరేషన్లే ఉండవని రాశావు. నిజమే కావచ్చు. కానీ నువ్వూ రేపటి మత్తు నర్సువే. అందుకే నీ ఉత్తరం కూడా అనుమానంతో మళ్ళీ చదివాను. కోపం తెచ్చుకోకు.

అనుకూలమా, వ్యతిరేకమా, తటస్థమా, ఆ సంఘం ముందు ఏ వరుసలో నిలబడతావని అడిగావు. దానికి ముందు ఇంతవరకూ దాచిన మాట ఒకటి చెప్పాలి. గురువారం నాకు హెర్నియా ఆపరేషను. ఇక్కడే. మత్తు ఇచ్చేది వెర్నా.

నిన్న పరీక్షలకు వెళ్ళాను.

"నన్ను అనుమానిస్తూ నా చేతికిందే పడుకుంటారా ఎమిల్ గారూ? మత్తు డాక్టర్లున్న ఒమాహా వెళ్ళండి, నేనేమీ అనుకోను" అంది వెర్నా.

"నీ పక్కన ఎవరుంటారు?"

"సర్జన్ ఉంటాడు. ఆయన మీ పొట్ట చూస్తాడు. నేను మిమ్మల్ని చూస్తాను."

"ఆ రోజు మత్తు డాక్టరు ఉండుంటే రోజ్ బతికేదా?"

"తెలీదండీ" అంది.

బతికేది కాదని అనివుంటే అబద్ధమనుకునేవాణ్ణి, నా పని తేలికయ్యేది. ఈ జవాబు కూడా ఎవరైనా నేర్పారేమో. ఆ అనుమానంతోనే బల్ల ఎక్కుతున్నాను. లేస్తే లింకన్ వెళ్తాను. మత్తు ఎక్కేదాకా చూసింది, దిగాక చూసింది, నా మాటల్లో చెబుతాను. లేవకపోతే ఆ కోటు మనిషికి మీ అమ్మ పేరూ నా పేరూ వాడుకోనివ్వకు. వెర్నాను నువ్వే కూర్చోబెట్టి అడుగు. ఏం అడగాలో నీకు తెలుసు. నాకు తెలియలేదు.

ఇట్లు,
మీ నాన్న
ఎమిల్