ఉప్పునీళ్లలో పిండిముద్ద

ఖైతాన్, కువైట్
15 నవంబర్ 2024, శుక్రవారం

ప్రియమైన ముబీన్ భాయ్‌కి,

నీ సుభాన్ సలాములు. ఇక్కడ గదిలో మేమంతా క్షేమం. రాయచోటిలో నువ్వూ, ఫర్హత్ భాభీ, ఇంటిల్లిపాదీ అల్లా నీడలో చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ప్రతి ఉత్తరంలోనూ ఈ వాక్యం చకచకా రాసేసి చేపల సంగతిలో పడేవాణ్ణి. ఈ రోజు మాత్రం కలం దీని దగ్గరే చాలాసేపు ఆగింది.

ముందు గది కబుర్లు. ఏసీ మళ్లీ చెడిపోయింది. చలి మొదలైంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నీ మంచంలోకి కొత్త మనిషి వచ్చాడు. గురకలో నీ కాలి గోటికి కూడా సరిపోడు. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. మన గదిలోని రహీమ్ ఊళ్లో సెలవు ముగించుకుని పోయిన వారం తిరిగొచ్చాడు. భాభీ పంపిన చెనిక్కాయల పొడి, నీ ఉత్తరం భద్రంగా తెచ్చిచ్చాడు. మన గది నౌమాన్ ఆ పొడిని ఖుబూస్ రొట్టెలో చుట్టుకుని తింటూ, అడిగితే రుచి చూస్తున్నానంటాడు. డబ్బా సగమైంది.

ఇక మన సంగతి. మా అమ్మ చనిపోయిన ఆ నెల నీకు గుర్తుండే ఉంటుంది. పనిలో పెట్టుకున్న కఫీల్ సెలవివ్వలేదు. మట్టి వేయడానికి కూడా కడప పోలేకపోయాను. బండి తోలి వచ్చి, గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. అన్నం సహించేది కాదు. ఒక శుక్రవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే నువ్వు నా దుప్పటి లాగేశావు. "లెయ్ రా, సముద్రం నీ మంచం కాడికి రాదు, నువ్వే పోవల్ల" అని రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లి, తీరం రాళ్ల మీద కూర్చోబెట్టి, చేతికి గాలం ఇచ్చావు.

రెండో శుక్రవారానికి నేను పెద్ద పనివాణ్ణయిపోయాను. చిన్నప్పుడు మా చెరువులో చేసినట్టే గోధుమపిండిలో బెల్లం పిసికి, ముద్ద చేసి జేబులో వేసుకొచ్చాను. నీళ్లలో పడగానే అది కరిగిపోయి ఖాళీ కొక్కెం పైకొచ్చింది. నువ్వు కడుపు పట్టుకుని రాళ్ల మీద కూలబడ్డావు. "ఒరే పిచ్చోడా, ఉప్పునీళ్లలో పిండిముద్ద నిలుస్తాదా? హమూర్ చేప దాని వాసన కూడా సూడదు. దానికి రొయ్య కావల్ల, పచ్చి రొయ్య" అన్నావు. నీ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. అమ్మ పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ఎన్ని నేర్పావు! కొక్కెం మొనను గోటి మీద గీసి చూడాలి, జారితే అది పనికిరాదు. సీసం గుండు నీళ్ల అడుగు తాకాలి గాని బురదలో పూడుకుపోకూడదు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి, పొడిగా బిగిస్తే దారం లోలోపలే కాలిపోయి సరిగ్గా చేప లాగినప్పుడే తెగుతుంది. హమూర్ ఎర అందుకోగానే రాతి సందులోకి దూరుతుంది కాబట్టి దారం వదలకుండా ఒక్క ఊపున పైకెత్తాలి. కొత్తవాళ్లు జాలిపడి దారం వదులుతారు, అక్కడే చెడతారు అనేవాడివి.

మనకు దొరికిన పాఠ్యపుస్తకం కూడా నా పిండిముద్దలాగే చెరువుదే. మీ కఫీల్ కొడుకు పారేసిన, అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం. అమెరికా చెరువుల్లో ఉండే బాస్ అనే చేపను పట్టే విద్య. నీకా అక్షరం ముక్క రాదు. నౌమాన్ చదివి ఉర్దూలో చెబుతుంటే, నువ్వు మౌల్వీగారి ముందు పిల్లాడిలా చేతులు కట్టుకుని వినేవాడివి. బాస్ పడిపోయిన చెట్టు కింద నక్కుతుందని అతను చదివితే, "మనకు చెట్టు లేదు, రాయి ఉండాది. చేప బుద్ధి యాడైనా ఒగటే" అని తేల్చేశావు.

గొంతు ఆపరేషనుకు ఇంటికి పోయేనాడు ఆ పుస్తకాన్ని వెన్ను దగ్గర రెండుగా చీల్చావు. ముందు సగం నాది, వెనక సగం నీది. గొంతు పోతే ఫోన్లో మాట ఉండదు, మెడలో గొట్టంతో వీడియోలో కనబడటం నీకిష్టం లేదు. అందుకని నువ్వు భాభీ చెవిలో గుసగుసగా చెప్పడం, ఇంగ్లీషు వచ్చిన ఆమె పుస్తకం చూసి సరిచేసి రాయడం, ఇటు వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపడం అని ఏర్పాటు చేశావు. ఎయిర్‌పోర్టులో నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు సొంతంగా ఒక్క హమూర్ పట్టిన రోజు నా పాఠం ఖలాస్" అన్నావు.

ఆ ఖలాస్ అనే మాటే నన్ను పట్టుకుంది భాయ్. హమూర్ పడితే నీ ఉత్తరాలు ఆగిపోతాయి. ఎండాకాలంలో ఒకటి పడి, రాతి సందులో దూరి దారం తెంపుకుపోయిందని రాశాను కదా. తెగలేదు. నేనే వదిలేశాను. చేప లేకపోతే బతకగలను, శుక్రవారం నీ మాట లేకపోతే నాకు గోడే దిక్కు.

అయినా ఎన్నాళ్లని నిన్ను కష్టపెడతాను? అందుకే శుభవార్త రాస్తున్నాను. ఈ ఉదయం హమూర్ పడింది! నీ చివరి ఉత్తరంలో రాయించినట్టే గోధుమపిండిలో బెల్లం, కాస్త వాము కలిపి ముద్ద చేసి గుచ్చాను. పోటు తిరిగే వేళకు కర్ర వంగింది. దారం వదల్లేదు, ఒక్క ఊపున ఎత్తాను. మోచేతి పొడవు, ఒళ్లంతా గోధుమరంగు మచ్చలు. నౌమాన్ ఉప్పూకారం పట్టించి వేయించాడు. మెడ దగ్గరి ముక్క నీ వాటాగా పక్కన పెట్టి, చివరికి నేనే తిన్నాను.

కాబట్టి ఉస్తాద్, నీ పాఠం పూర్తయింది. ఇక నిశ్చింతగా పడుకో. భాభీని కూడా కలం కింద పెట్టమను. ఆమె చేతులకు నా సలామ్.

దువాలో నిన్ను మరిచిపోని,
నీ శిష్యుడు
సుభాన్

తా.క.: ఫర్హత్ భాభీ, ఈ ముక్క మీకు. పైన రాసిందంతా కూడా మీరే చదువుతారని తెలిసే రాశాను.

హమూర్ పడలేదు. ఉప్పునీళ్లలో పిండిముద్ద చూసి కూలబడి నవ్విన మనిషి, దాన్నే గుచ్చమని నాకు రాయించడు. మీ చివరి ఉత్తరంలో ఆ మాట చదవగానే అది భాయ్ మాట కాదని తెలిసిపోయింది. ఆ సగం పుస్తకం అయిపోయి, చెరువులో గాలమేసే వాళ్లెవరినో అడిగి రాసుంటారు. రహీమ్‌ను మేడ మీదికి పిలిచి అడిగాను. బక్రీదు వెళ్లిన వారంలోనే భాయ్ పోయాడని చెప్పాడు. గదిలో అందరికీ తెలుసట, నాకు తప్ప. "అమ్మ పోతేనే వాడు అట్లయిపాయ. ఒక చేప పట్టి నవ్వేదాకా నా సంగతి చెప్పొద్దండి" అని భాయే మీ చేత ఒట్టు వేయించుకున్నాడట.

భర్త పోయిన ఇద్దత్ గడువులో ఇల్లు కదలకుండా కూర్చుని, మీ ఏడుపు మీరు ఏడవాల్సిన రోజుల్లో, మీరు నాకు సీసం గుండు బరువు గురించి రాశారు భాభీ. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పట్టానని రాస్తే మీ ఒట్టు తీరిపోతుందనుకున్నాను. సంతకం కూడా పెట్టాను. కవరు అంటించబోతుంటే తట్టింది. ఈ చేప కబురు చదివితే, భాయ్ పేరుతో నాకు శభాష్ చెబుతూ మీరు ఇంకో ఉత్తరం రాయాలి. అది మాత్రం మీ చేత రాయించలేను. రాయొద్దు. రాయాలనిపిస్తే మీ పేరుతో, మీ మాటలు రాయండి. భాయ్ చివరి రోజుల్లో ఎలా ఉన్నాడో నాకు ఎవరూ చెప్పలేదు.

నేను గోడవైపు తిరిగి పడుకోలేదు. ఈ ఉదయం కూడా రాళ్ల దగ్గరికి పోయి రొయ్యే గుచ్చాను. ముడి తడుపుదామంటే నోరు ఎండిపోయి ఉమ్మి రాలేదు. కళ్లనీళ్లతోనే తడిపి బిగించాను. ముడి నిలిచింది భాభీ.