ఆకు లేని గిన్నె

అన్నయ్యా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు కాలికున్న ఆ ఆకు పసరు కట్టు విప్పెయ్.

వదిన ల్యాబ్‌కే వచ్చి అంతా చెప్పింది. డాక్టరు రాసిన మందులు మానేసి మూడు వారాలైందట. పైగా అడిగినవాళ్లందరికీ, "మా చెల్లెలు కనిపెట్టిన మందు" అంటున్నావట! ఫోన్ చేస్తే ఎత్తవు. నీతో వేగలేక ఈ ఉత్తరం రాసి వదిన చేతికే ఇస్తున్నాను. నువ్వు చదివేదాకా ఎదురుగా నిలబడమన్నాను.

నీ కాలికున్నలాంటి పుండులో సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుని దాని చాటున దాక్కుంటాయి. మందు ఓ పట్టాన లోపలికి దిగదు. అలాంటి జిగురే మా గాజు గిన్నెలో పెంచి, ఆకు సారం పోస్తే కరిగిపోయిందని ఎగిరి గంతేసి నీకు చెప్పింది నేనే. గిన్నె వేరు, కాలు వేరు అని మాత్రం చెప్పలేదు.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆకు సారాన్ని మేం స్పిరిట్‌లో కలుపుతాం. ఆకు లేకుండా ఒట్టి స్పిరిట్ పోసిన గిన్నె కూడా పక్కన పెట్టి చూడాలి. తొందరలో నేనది పెట్టలేదు. మొన్న మా మేడం పెట్టించారు. అందులోనూ జిగురు కరిగింది. ఆవిడ ఆ గిన్నె నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

ఇది చదివి స్పిరిట్ సీసా అందుకోకు, నీకు దణ్ణం పెడతాను. కాలి వేళ్లు నల్లబడుతున్నాయని వదిన ఏడ్చింది. ఇవాళే ఆసుపత్రికి వెళ్లు.

నా మాట నమ్మే కదా ఆ కట్టు కట్టావు. నా మాట నమ్మే విప్పు.

నీ చెల్లెలు