దూడకు పూసే మందు

అన్నా,

నా వంకర రాతను, తప్పులను మన్నించు. నువ్వు కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది.

మొన్న తిరుపతి జూలో సింహాన్ని చూశాను. బయటి దేశాల అడవుల్లో ఇవి ఎందుకు తగ్గిపోతున్నాయని కాపలా ఆయన్ని అడిగాను. అడవులు పొలాలయ్యాయట, జింకలు కరువయ్యాయట. ఆకలికి సింహం ఆవును చంపితే జనం ఆ కళేబరానికి విషం పూస్తారట. తినవచ్చిన సింహాలన్నీ పిల్లలతో సహా అక్కడే చస్తాయట.

నిన్న మన కొండ పక్కన చిరుత నీ కొడుకు దూడను చంపింది. తినగా మిగిలిన దానికి వాడు పురుగుమందు పూయబోతున్నాడు. సింహాల సంగతి చెప్పాను.

"నువ్వు నాకు చిన్నాయనవా, సింహాలకా? నా దూడ సచ్చి పడుండాదే, కనపడలా?" అన్నాడు.

నీ మాటైతే వినేవాడు. చీకటి పడితే చిరుత మళ్లీ వస్తుంది, దాని వెంట పిల్లలున్నాయి. వాడికేం చెప్పాలో తొందరగా రాయన్నా.