అమ్మ శోకానికి కరెంటు

వికారాబాదు,
ఆదివారం.

అత్తమ్మా,

మా నాయిన పోయిన నాడు అమ్మ రాగం తీసి ఏడుస్తుంటే మామయ్య రికార్డు చేశాడు గదా, అమ్మను అడిగాడా, కనీసం తర్వాతైనా? ముప్పై ఏళ్లుగా ఇదే నన్ను తొలుస్తోంది. ఇప్పుడు చెప్పడానికి అమ్మా లేదు, మామయ్యా లేడు.

తాండూరులో ఎవరూ కంప్యూటర్ చూడని రోజుల్లోనే, బండల పాలిష్ మిషన్ల మోతకు ఆ ఏడుపును కంప్యూటర్ మీద కలిపి ఆయన కట్టిన సంగీతమే ఆయనకంత పేరు తెచ్చింది. మొదటిసారి రేడియోలో విన్నప్పుడు అమ్మ, "నా ఏడ్పుకు గూడ కరెంటు వెట్టిండు జూడు మీ మామ!" అని నవ్వింది. ఆ పూట అన్నం మాత్రం ముట్టలేదు.

మామయ్య దినాల నాడు ఆయన శిష్యులు అదే వినిపిస్తామంటున్నారని, నేను సరేనంటేనే అని ఫోన్ చేశావు. అమ్మ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. వినాలనే ఉంది, నలుగురి ముందు వద్దనీ ఉంది.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు మామయ్య సైగ చేస్తే టేపురికార్డర్ బటన్ నొక్కింది నేనే, పదమూడేళ్ల దాన్ని. అందుకే అమ్మను ఎన్నడూ అడగలేకపోయాను.

బుధవారం పొద్దున బస్సుకు వస్తాను. వినిపించమనాలో వద్దనాలో మాత్రం నాకింకా తేలలేదు.

నీ మేనకోడలు